గోడకి అవతల 413

ఉద్యోగం నుంచి దిగిపోయినవాడు పాత సంగతులు మొదలుపెడితే, తాను లేకపోతే ఆఫీసు ఏమైపోయేదో చెప్పడం ఆనవాయితీ. నేను ఉండబట్టి ఏం చెడిందో చెబుతాను. గ్రంథాలయాల్లో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి, రూల్సు ఎంతవరకు పాటించాలండీ అని అడుగుతుంటారు. ఫోన్లో తేలే సంగతి కాదది. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

నా సర్వీసులో చివరి పదకొండేళ్లు నూజివీడు తోటల మధ్య ఒక ఊళ్లో, శాఖా గ్రంథాలయంలో గడిచాయి. ముందు గదిలో పేపర్లు, వెనక గదిలో బీరువాలు, కిటికీ పక్కన ఆడవాళ్లకని ఒక బల్ల. పొద్దున్నే పేపరు కోసం నలుగురైదుగురు పెద్దమనుషులు వచ్చేవారు. ఒకే పేపర్ని పేజీలుగా విడదీసి, ఒకరు చదివింది ఇంకొకరితో మార్చుకుంటూ, ఆఖర్న అందరూ కలిసి రాజకీయాల మీద పోట్లాడుకుని భోజనాలకి వెళ్లేవారు. మామిడి కోతల రోజుల్లో వాళ్లూ పలచబడేవారు. ఆ రోజుల్లో అక్కడ మనిషన్నవాడు తోటలో ఉండాలి, లేకపోతే లారీ దగ్గరుండాలి.

నా స్వభావం సంగతి ముందే చెప్పడం మంచిది. మా నాన్నగారు గుడిలో అర్చకులు. మా ఇంట్లో మడిబట్టలు ఆరేసే దండెం వేరు, మామూలు బట్టల దండెం వేరు. ఆ రెండు దండేల మధ్య ఒళ్లు దగ్గర పెట్టుకుని నడవడం నేర్చుకుంటూ పెరిగాను. ఏది ఎక్కడుండాలో అది అక్కడ లేకపోతే నాకు అన్నం సహించేది కాదు. ఈయన చేతికి పోపుల డబ్బా ఇస్తే ఆవాలకి కూడా నంబర్లు వేస్తారని మా ఆవిడ చుట్టాల ముందు నవ్వేది. నేను దాన్ని మెచ్చుకోలు అనుకునేవాణ్ణి.

ఆ నంబర్ల పిచ్చి ఉద్యోగంలోనూ ఉండేది. పుస్తకం ఇచ్చేటప్పుడు, వెనక అట్టకి అంటించిన చీటీ మీద తిరిగి ఇవ్వాల్సిన తేదీ ముద్ర వేస్తాం. ఎవరు తీసుకెళ్లారో రిజిస్టర్లో రాసుకుంటాం. అంతవరకు చాలు. నేను మాత్రం ఆ ముద్ర పక్కన సభ్యుడి నంబరు కూడా ఎర్ర సిరాతో రాసేవాణ్ణి. ఎందుకని పైవాళ్లెవరూ అడగలేదు. అడిగితే నా దగ్గర జవాబూ లేదు.

మా అటెండరుకి మాత్రం ఆ పని చూస్తే ఒళ్లు మండేది. ఆవిడ నా ఈడుదే. భర్త పోయాక ఆ ఉద్యోగంలో చేరింది. చదివింది ఏడో తరగతి. అయినా ఎవరికి ఏ పుస్తకం నచ్చుతుందో నాకంటే బాగా తెలుసు. బీరువాల్లో పుస్తకాలు నాకు తెలిస్తే, వాటిని చదివే మనుషులు ఆవిడకి తెలుసు. ఊళ్లో ఎవరింట్లో ఏ కూర వండారో కూడా తెలుసు.

ఇద్దరు సభ్యురాళ్లుండేవారు. నంబర్లు 412, 413. వాళ్లిద్దరూ తోడికోడళ్లు. ఒకే ఇంట్లో ఉన్న రోజుల్లో, ఒకే రోజు, పక్కపక్కన నిలబడి సభ్యత్వం తీసుకున్నారు. అది నాకంటే ముందు సంగతి. నేను వచ్చేసరికి 412, అంటే పెద్దావిడ, సోమవారం సోమవారం వచ్చేది. 413, చిన్నావిడ, గురువారం వచ్చేది. ఒకరి రోజున ఇంకొకరు పొరపాటున కూడా గడప తొక్కేవారు కాదు. చిన్నావిడ వచ్చి ముందు రోజుల్లో తిరిగొచ్చిన పుస్తకాల దొంతర దగ్గర నిలబడి, ఒక్కో పుస్తకం వెనక అట్ట తెరిచి చూసి, ఒకటి తీసుకునేది. పెద్దావిడా అంతే. పుస్తకాన్ని వెనక నుంచి ఎంచుకునే పాఠకుల్ని నేను వాళ్లనే చూశాను.

పెద్దావిడతో నాకొక గొడవుండేది. ఆవిడ తిరిగిచ్చిన ప్రతి పుస్తకంలోనూ రెండు మూడు పేజీల మూలలు మడిచి ఉండేవి. నా దృష్టిలో అది మహాపాపం. చెప్పి చూశాను. పొరపాటైందండీ అనేది, మళ్లీ వారం అదే పొరపాటు. చివరికి నేనే స్కేలు పెట్టి ఒక్కో మడతా సాపు చేసి దొంతరలో పెట్టేవాణ్ణి. అలా ఎన్ని వందల మూలలు సాపు చేశానో.

వాళ్ల కథ అటెండరు చెప్పింది. మామగారి తోట రెండు మండలాల పొలిమేర మీద ఉంది. అన్నదమ్ములు పంచుకునేటప్పుడు కొత్తగా కొలతలెందుకని, సర్వే రాళ్లున్న ఆ పొలిమేరే హద్దనుకున్నారు. అక్కడితో ఆగితే బాగుండేది. ఆ హద్దు మీద గోడ లేచింది, నిలువెత్తు గోడ. తోటల్లో కంచె వేస్తారు గానీ గోడ ఎవరు కడతారండీ? సరిగ్గా గీత మీద ఒక పెద్దరసం మామిడి చెట్టుంది. దాన్ని కొట్టడానికి ఎవరికీ మనసొప్పక గోడనే వంచి చెట్టు పక్కనుంచి పోనిచ్చారు. కాయ ఎటు రాలితే అటువాళ్లదని మాట. కట్టించింది పెద్దాయన. తమ్ముడి మొహం చూడకూడదని కట్టించాడని ఊరంతా అనుకుంది. ఆయనకి గోడ పెద్దయ్య అని పేరు కూడా పెట్టేశారు. పన్నెండేళ్లు ఆ పేరు మోసి, నేను చెబుతున్న ఈ సంగతులు జరగడానికి మూడేళ్ల ముందు పోయాడు. చిన్నావిడ వాళ్లు గోడకి అవతల వేరే ఇల్లు కట్టుకున్నారు. అప్పట్నుంచీ రెండిళ్ల మధ్యా మాటల్లేవు.

ఇదిలా ఉండగా జిల్లాలు విడిపోయాయి. మేము ఏలూరు వైపు వెళ్లాం. బాపులపాడు, ఉంగుటూరు, హనుమాన్ జంక్షన్ కృష్ణాలోనే ఉండిపోయాయి. అన్నదమ్ములు ఇంటి గొడవకొద్దీ కట్టుకున్న గోడ కాస్తా రాత్రికి రాత్రి జిల్లా సరిహద్దు అయి కూర్చుంది. పెద్దావిడ ఒక జిల్లా, చిన్నావిడ ఒక జిల్లా.

కొత్త జిల్లా వస్తే ముందు ఆఫీసులకి బోర్డులు మారతాయి, తర్వాత సాహిత్యం మారుతుంది. మా ప్రాంతంలో ఒక సాహిత్య సంఘం ఉండేది. మన జిల్లా కథలని ఒక సంకలనం తేవాలని తీర్మానించారు. అధ్యక్షులు రిటైరైన లెక్చరరు గారు, కార్యదర్శిని నేను. సమావేశాలు మా లైబ్రరీలోనే, ఆడవాళ్ల బల్ల చుట్టూ, ఆడవాళ్లు లేకుండా.

మొదటి సమావేశం పోయిన రచయితల పంపకంతోనే సరిపోయింది. ఒకాయన పుట్టింది అటు, పెళ్లి చేసుకుంది ఇటు, ఉద్యోగం ఇంకెక్కడో, ప్రాణం పోయింది బెజవాడ ఆసుపత్రిలో. ఆయన ఏ జిల్లా రచయిత? మాకు కావాలంటే మాకు కావాలని, ఆయన బతికుండగా ఒక్క సభకి పిలవనివాళ్లంతా పట్టుబట్టారు. తర్వాత ముందుమాట. మాది తోటల సంస్కృతి, వాళ్లది వరిపొలాల సంస్కృతి, ఈ రెండింటి ఆత్మలూ వేరని అధ్యక్షులు గారు గంభీరంగా రాసుకొచ్చి చదివారు. టీ గ్లాసులు పెడుతున్న అటెండరు, "మామిడిపండు రసం పిండుకునేది అన్నంలోనే కదండీ" అని వెళ్లిపోయింది. ఎవరూ నవ్వలేదు. నేనైతే కోపంగా చూశాను.

ఇన్ని చిక్కులు ఎందుకని, బతికున్నవాళ్ల విషయంలో ఒక సులువైన నియమం నేనే ప్రతిపాదించాను. రచయిత నివాసం మన జిల్లాలో ఉండాలి, ఆధార్ కార్డు జిరాక్స్ జత చేయాలి, కార్యదర్శి ధ్రువీకరించాలి. అధ్యక్షులు గారు బల్ల చరిచి మెచ్చుకున్నారు. రెండు దండేల మధ్య పెరిగినవాడికి అంతకన్నా సన్మానం ఏముంటుంది చెప్పండి.

ఆ తర్వాత గురువారం 413 ఒక కథ తెచ్చింది. లాంగ్ నోట్‌బుక్ కాగితాలు తొమ్మిది, రెండువైపులా గుండ్రటి చేతిరాత. ఆవిడ రాస్తుందని నాకు తెలీదు. తొలిసారి రాశానండీ, ఎలాగైనా పుస్తకంలో రావాలండీ అంది. నేను కాగితాలు పక్కన పెట్టి ఆధార్ అడిగాను. బాపులపాడు మండలం అని ఉంది. వీలుపడదండీ, మీరు కృష్ణా అన్నాను.

"గోడకి అటుపక్కే కదండీ. ఈ పక్కన మా అక్క వాళ్లిల్లు."

"ఆవిడ రాస్తే తీసుకుంటామండీ."

ఆవిడ కాగితాలు తీసి సంచిలో పెట్టుకుంది. మీ జిల్లావాళ్లూ ఇలాంటి పుస్తకమే వేస్తున్నారట, వాళ్లకి పంపండని సలహా కూడా ఇచ్చాను. పంపింది. నెల తిరక్కుండా వాళ్లు తిప్పి పంపారు. కథంతా నూజివీడు మామిడి తోటల వాతావరణంలో ఉంది కాబట్టి ఆ ప్రాంతం వారికి పంపగలరు, అని ఒక ముక్క రాసి మరీ పంపారు. అది తెచ్చి నాకు చూపించింది. నేను చదివి, నిజమే పాపం అన్నాను. పాపం అనడానికి ఏ జిల్లా అయినా పరవాలేదు కదా.

అంతటితో ఊరుకున్నానా? నియమం ఒకటి చేతికొస్తే దాన్ని ఇంకెక్కడ వాడదామా అని చెయ్యి దురద పెడుతుంది. కథకి నివాసం ఉండాలంటే సభ్యత్వానికి మాత్రం ఉండొద్దా అనిపించింది. ఎవరూ చెప్పలేదు, ఏ కాగితమూ రాలేదు. నేనే రిజిస్టరు ముందేసుకుని, పొలిమేర అవతలివాళ్ల పేర్లు పదకొండు కొట్టేశాను. ఆ రోజే వచ్చిన చిన్నావిడకి ఆ మాటా చెప్పాను. ఆవిడ వాదించలేదు. చేతిలో పుస్తకం, సభ్యత్వం కార్డు బల్ల మీద పెట్టింది. కథ కాగితాలు అటెండరు చేతికిచ్చి, ఇంటికి తీసుకెళ్లి ఏం చేసుకుంటాను, ఇక్కడే ఎక్కడైనా పడుండనివ్వండి అని వెళ్లిపోయింది.

ఆ తొమ్మిది కాగితాలూ నేను చదవలేదు. ముప్పై మూడేళ్లు పుస్తకాల మధ్య బతికినవాణ్ణి, ఒక మనిషి తొలిసారి రాసి తెస్తే, చిరునామా చదివి కథ చదవకుండా పంపించాను. ఇది రాస్తుంటే ఇప్పటికీ సిగ్గేస్తోంది.

నేను చదవకపోయినా అటెండరు చదివింది. కూడబలుక్కుంటూ రెండు రోజులు చదివిందట. సోమవారం పెద్దావిడ వచ్చి దొంతరలోంచి 413 నంబరున్న పుస్తకం తీసుకుంటే, ఆ కాగితాలు అందులో పెట్టి చేతికిచ్చింది. నాకు చెప్పలేదు. చెబితే నేను వాటికి కూడా ముద్ర వెయ్యాలనేవాణ్ణని తర్వాత అంది.

ఇక ఆ గురువారం. నేను తాళం తీసేసరికి మెట్ల మీద పెద్దావిడ కూర్చుని ఉంది. గురువారం. లోపలికొచ్చి కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుంది. పుస్తకం అడగలేదు, పేపరు ముట్టుకోలేదు. ఒళ్లో గుడ్డసంచి, చూపు వీధి గుమ్మం మీద. పేపరు పెద్దమనుషులు ఆవిడ్ని చూసి రాజకీయాలు మానేసి గుసగుసల్లో పడ్డారు. పదయింది. పదకొండయింది. ఆవిడ లేచి నా బల్ల దగ్గరికొచ్చింది.

"గురువారం మనిషి ఇంకా రాలేదేంటి మాస్టారూ?"

సభ్యత్వం తీసేశామండీ అన్నాను. ఎవరు తీశారంది. నేనేనన్నాను. ఎందుకంది. జిల్లా వేరు కదండీ అన్నాను. చెబుతుంటే ఆ మాట నాకే తెలివితక్కువగా వినపడింది. ఆవిడ సంచిలోంచి కాగితాలు తీసి నా ముందు పెట్టింది. చదివారా అంది. లేదన్నాను.

"చదవకుండానే వద్దన్నారా? కూర్చోండి. ఇప్పుడు చదవండి."

చదివాను. ఆవిడ ఎదురుగా నిలబడే ఉంది. కథలో గొప్ప రచనేమీ లేదు, అక్షరదోషాలు చాలానే ఉన్నాయి. గోడ కట్టమన్నది నేను, అని మొదలైంది. ఒక గృహప్రవేశం భోజనాల దగ్గర తోడికోడలు నలుగురి ముందూ, మా చెల్లెలి చేతిలో పుస్తకముంటే పొయ్యి మీద అన్నం మాడినా తెలీదని నవ్వుతూ అంది. అందరూ నవ్వారు. నవ్వినవాళ్లంతా మర్నాటికి మర్చిపోయారు, చిన్నావిడ మర్చిపోలేకపోయింది. పంపకాల్లో మొగుడి దగ్గర పట్టుబట్టింది, గోడ లేకపోతే ఈ తోటలో ఉండనని. తమ్ముడు వెళ్లి అన్న ముందు తలవంచుకుని నిలబడ్డాడు. ఆడపిల్ల మాట బయటికి రానివ్వొద్దు, నేను కట్టించానని చెప్పు అన్నాడు అన్న. ఇటుకలు కూడా తనే తోలించాడు. ఊరు పేరు పెట్టినా కిమ్మనలేదు. కట్టుకున్న భార్యకి కూడా చెప్పలేదు. బావగారు పోయిన రోజు గోడకి ఇవతల నిలబడి ఏడ్చాను, అవతలికి వెళ్లే మొహం లేక, అని చివరి కాగితంలో ఉంది.

చదివి తలెత్తాను. పెద్దావిడ మొహం చూస్తే అది కోపమో దుఃఖమో నాకు తెలియలేదు.

"వెళ్లి దాన్ని తీసుకురండి" అంది.

అటెండరు అప్పటికే నా స్కూటర్ తాళం చేత్తో పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడింది. నేను దాటుతుంటే మెల్లిగా ఒక మాట చెప్పింది. "మీరు సాపు చేసిన మూలలన్నీ నేను మళ్లీ మడిచే పెట్టేదాన్ని సార్. ఆ పేజీలు చదవమని పెద్దావిడ చిన్నావిడకి పెట్టే గుర్తులవి." వాళ్లిద్దరూ పుస్తకాల వెనక నా ఎర్ర సిరా నంబర్లు చూసుకుని, అక్క చదివింది చెల్లెలు, చెల్లెలు చదివింది అక్క ఇన్నేళ్లూ చదువుకుంటున్నారని అప్పటికి గానీ నా మట్టిబుర్రకి ఎక్కలేదు. ఉన్న ఆ ఒక్క దారీ నేనే మూసేశాను.

దారంతా ట్రాక్టర్లు, కాయల ట్రేలు, తోటల ముందు గడ్డి మోపులు. జిల్లా సరిహద్దు బోర్డు దాటాను. కొత్త రంగు ఇంకా మెరుస్తోంది. బోర్డుకి ఇటున్న బంగినపల్లి చెట్టూ అటున్న బంగినపల్లి చెట్టూ ఒక్కలాగే కాసి ఉన్నాయి. పావుగంటలో చిన్నావిడ ఇంటి ముందున్నాను. వసారాలో గడ్డి మీద రసాలు వరసగా పేరుస్తోంది. ఇంటి వెనక ఆ గోడ, చెట్టు దగ్గర వంకర తిరిగి, కథలో రాసినట్టే ఉంది.

ముందు ఆవిడ వదిలేసి వెళ్లిన సభ్యత్వం కార్డు చేతికిచ్చి తప్పయిందన్నాను. ఉంచుకోండి, ఈ వయసులో నాకు రెండు జిల్లాలెందుకు అంది. మీ కథ చదివానన్నాను. ఆవిడ చేతిలో కాయ ఆగింది. మీ అక్కగారు కూడా చదివారు, లైబ్రరీలో కూర్చున్నారు, మిమ్మల్ని తీసుకురమ్మన్నారు అన్నాను.

కాయని గడ్డి మీద పెట్టింది. తర్వాత అడిగింది, "ఏం మొహంతో ఉందండీ?"

"నాకు మొహాలు చదవడం రాదండీ."

"మీకు అసలు చదవడమే రాదులెండి" అంది. అని, చేతులు కడుక్కుని, చీర కొంగు సర్దుకుని, ఆటో కోసం కూడా ఆగకుండా నా స్కూటర్ వెనక ఎక్కింది. అద్దంలో చూస్తే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది. నాకైతే నేను చేస్తున్నది మంచో చెడో తెలియలేదు. అక్కడ వీళ్లిద్దరూ జుట్లు పట్టుకుంటే ఏ బీరువా వెనక దాక్కోవాలా అని కూడా ఆలోచించాను.

గుమ్మంలో చిన్నావిడ ఆగిపోయింది. పేపరు పెద్దమనుషుల్ని అటెండరు అప్పటికే సాగనంపింది. పెద్దావిడ కూర్చున్న చోటి నుంచి లేవలేదు.

"ఆయన్ని ఎన్ని మాటలన్నానో తెలుసా నీకు? పన్నెండేళ్లు. కూడు పెడుతూ అన్నాను, మంచాన పడ్డాక కూడా అన్నాను. తోడబుట్టినవాడికి గోడ కట్టినవాడివి అని."

చిన్నావిడ గోడకి ఆనుకుని నేల మీద కూర్చుండిపోయింది. "నేనే చెప్పాల్సిందక్కా. నోరు రాలేదు. రాశాను."

"రాసి వీళ్లకిచ్చావేం? నాకివ్వాలి గానీ."

"నువ్వు చదివేది లైబ్రరీ పుస్తకాలే కదక్కా."

పెద్దావిడ మొహం అప్పుడు కరిగింది. ఏడుస్తూనే లేచి వెళ్లి, చిన్నావిడ రెక్క పట్టుకుని లేవదీసి, పక్క కుర్చీలో కూర్చోబెట్టింది. లే, చీర మాసిపోతుంది అంది. నేను బీరువాల వైపు తిరిగి, సర్దిన పుస్తకాల్నే మళ్లీ సర్దాను. అటెండరు కొంగుతో కళ్లు తుడుచుకుంటూ నా వంక చూసిన చూపులో, చూశారా మీ నిర్వాకం అని ఉంది.

అయిపోయిందనుకున్నాను. కాలేదు. పెద్దావిడ కళ్లు తుడుచుకుని కాగితాలు నా ముందు పెట్టి, ఇది పుస్తకంలో రావాలి అంది. చిన్నావిడ కంగారుపడి, నువ్వు చదివావుగా, ఇక వద్దులే అక్కా అంది. ఆవిడ ఒప్పుకోలేదు. మా ఆయన్ని గోడ పెద్దయ్యన్న ఊరు ఇది చదవాలి అంది.

అధ్యక్షులు గారికి ఫోన్ చేశాను. పుస్తకం ప్రెస్సుకి వెళ్లబోతోందన్నారు. ఇంకో కథ చేర్చాలి, ఆపమన్నాను. రచయిత్రి నివాసం ఎక్కడన్నారు. చెప్పాను. నియమం మీరు పెట్టిందే కదండీ అన్నారు, తప్పేముంది. మన జిల్లా అని కార్యదర్శి ధ్రువీకరణ పత్రం ఇస్తే వేస్తాను, లేకపోతే లేదు, అని పెట్టేశారు.

సంతకం పెట్టాల్సిన కార్యదర్శిని నేను. పత్రం తీసి బల్ల మీద పెట్టి కూర్చున్నాను. నా జీవితంలో అబద్ధం సంతకం పెట్టలేదు. నా ఇబ్బంది పెద్దావిడ కనిపెట్టింది.

"మా ఇంటి అడ్రసు రాయండి. అది ఉండేది మా ఇంట్లోనే" అంది.

"కాగితాల ప్రకారం కాదు కదండీ."

"కాగితాలు మీరు చూసుకోండి. ఏటా ఆవకాయ నేను రెండిళ్లకి సరిపడా కలుపుతాను మాస్టారూ. చెయ్యి తగ్గదు. దాని వాటా జాడీలో వేరే పెడతాను. ఏడాది ఆఖర్న పనివాళ్లకి పంచేస్తాను. పదిహేనేళ్లుగా అది మా ఇంట్లోనే ఉంది."

చిన్నావిడ తలెత్తి అక్క వంక చూసింది. నేను పెన్ను మూత తీసి అడ్రసు రాశాను, పెద్దావిడ ఇంటిది. కింద సంతకం పెట్టాను. నా సర్వీసులో విచారించి, నమ్మి, ఇంత గట్టిగా పెట్టిన సంతకం ఇంకోటి లేదు. ఆ సాయంత్రమే కొట్టేసిన పదకొండు పేర్లూ రిజిస్టర్లో మళ్లీ ఎక్కించాను.

మీరడిగిన ప్రశ్నకి జవాబు నాకిప్పటికీ పూర్తిగా తెలీదు. రూలు లేకపోతే పుస్తకాలు నెల తిరక్కుండా ఊరి పాలవుతాయి, అదీ నిజమే. ఒక్కటి మాత్రం చెప్పగలను. ఎవరైనా రాసి తెస్తే ముందు అది చదవండి. వాళ్లు ఎక్కణ్ణుంచి వచ్చారో అందులోనే ఉంటుంది.

పుస్తకం అచ్చయి వచ్చింది. ఆవిష్కరణ సభలో అధ్యక్షులు గారు తోటల సంస్కృతి గురించి గంటసేపు మాట్లాడారు. తోడికోడళ్లిద్దరూ రాలేదు. ఊళ్లో మాత్రం ఆ ఒక్క కథే తిరిగింది. పేపరు పెద్దమనుషుల్లో ఒకాయన దాన్ని చదివి, కళ్లజోడు తీసి, పాపం పెద్దయ్య అన్నాడు. గోడ అనే మాట వదిలేశాడు.

రచయితకిచ్చే రెండు ప్రతులూ నేనే తీసుకెళ్లాను, పత్రంలో రాసిన చిరునామాకి. చిన్నావిడ అక్కడే ఉంది. నన్ను కూర్చోబెట్టి పండ్లు కోసిపెట్టారు. పెద్దావిడ పుస్తకం తీసుకుని పేజీ వెతికింది. తను చదువుకుంటుందేమో అనుకున్నాను. నేను చదివేశానుగా అంది. ముందు గదిలో పెద్దాయన ఫోటో ఎదురుగా కుర్చీ లాగి, చిన్నావిడ్ని అందులో కూర్చోబెట్టి, పుస్తకం చేతిలో పెట్టి, తను పక్కన నిలబడింది.

చిన్నావిడ గొంతు సవరించుకుంది. గోడ కట్టమన్నది నేను, అని మెల్లిగా మొదలుపెట్టింది. రెండో వాక్యం దగ్గర ఆగి ఫోటో వంక చూసింది.

పెద్దావిడ ఆమె భుజం మీద చెయ్యి వేసింది.

"కాస్త గట్టిగా చదువు. మీ బావగారికి చెవులు మందం."